లినక్స్‌లో గింప్: ఒక పాత ఫొటోను బాగుచేస్తూ నేర్చుకునే పద్ధతి

ఫొటోలను సవరించే ఉచిత ప్రోగ్రామ్ గింప్‌ను మొదటిసారి తెరిచిన వారిలో చాలామంది ఎడమ పక్కన ఉన్న బొమ్మలను ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఏది ఎందుకో తెలియక, అరగంటలో మూసివేస్తారు. ఆ తరువాత ‘ఇది మనకు కొరుకుడు పడదు’ అని తీర్మానించుకుంటారు. లోపం వారిది కాదు, మొదలుపెట్టిన తీరుది. పీట ఒకటి చేయాలనుకున్నవాడికి ఉలి ఎందుకో దానంతట అదే తెలుస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో పనిముట్ల పట్టిక ఇవ్వడం లేదు. ఇంట్లో గోడకు వేలాడుతున్న తాతగారి నలుపు తెలుపు ఫొటోను తీసుకుని, దాన్ని స్కాన్ చేసి, మచ్చలు తీసి, కింద తెలుగులో పేరు రాసి, ప్రింటుకు పంపేంతవరకు ఒకే పనిని చివరిదాకా చేద్దాం. ఆ దారిలో అవసరపడిన పనిముట్లు మాత్రమే మనకు ఇప్పుడు కావాలి.

ఏ వెర్షన్, ఎక్కడి నుంచి

గింప్‌ను 1995లో బెర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారు. గింప్ కిటికీలు, బటన్లు గీయడానికి వారు తయారు చేసుకున్న సామగ్రే జీటీకే. నేడు ఉబుంటు, ఫెడోరాలలో కనిపించే గ్నోమ్ డెస్క్‌టాప్‌లోని ప్రోగ్రాములు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి కాబట్టి, లినక్స్‌కు గింప్ బయటి నుంచి వచ్చిన చుట్టం కాదు, ఇంటి పెద్దల్లో ఒకటి. 2018లో వచ్చిన 2.10, 2025 మార్చిలో వచ్చిన 3.0 అనే రెండు తరాలు ఇప్పుడు జనం కంప్యూటర్లలో కనిపిస్తాయి. మీకు 3.0 గాని, ఆ తరువాతిది గాని దొరికితే అదే పెట్టుకోండి. అందులో రంగుల సవరణలు, ఫిల్టర్లు చేసిన తరువాత కూడా వెనక్కి వెళ్లి మార్చుకునే వీలుంది, కొత్తవారికి ఇంతకు మించిన ధైర్యం మరొకటి లేదు.

ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా ఏది వాడుతున్నా సాఫ్ట్‌వేర్ స్టోరు తెరిచి గింప్ అని వెతికితే చాలు. టెర్మినల్ అలవాటున్నవారు ఉబుంటు, మింట్‌లలో సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, గింప్ అనే నాలుగు మాటలను ఇంగ్లీషు చిన్న అక్షరాలలో, మధ్యలో ఖాళీ వదులుతూ కొట్టి, పాస్‌వర్డ్ ఇస్తే సరిపోతుంది. ఫెడోరాలో ఆప్ట్ స్థానంలో డీఎన్ఎఫ్ రాయాలి. అయితే ఉబుంటు 24.04 వంటి దీర్ఘకాల విడుదలల సొంత భాండారంలో 2.10 మాత్రమే ఉంటుంది. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో అదే గింప్‌కు సిస్టమ్ ప్యాకేజీ, ఫ్లాట్‌ప్యాక్ అని రెండు రూపాలు చూపిస్తుంది. కొత్త వెర్షన్ ఫ్లాట్‌ప్యాక్‌లో దొరుకుతుంది, కాని అది తనకు కావలసిన సామానంతా వెంట తెచ్చుకుంటుంది గనుక డౌన్‌లోడ్ బాగా పెద్దది. మొబైల్ డేటా మీద నెట్టుకొచ్చేవారు దాన్ని వైఫై ఉన్న చోట చేసుకోవడం మేలు. ఏది పెట్టుకున్నారో తెలియకపోతే, గింప్ తెరిచి హెల్ప్ మెనూలో అబౌట్ నొక్కితే వెర్షన్ సంఖ్య కనిపిస్తుంది.

ఫొటోను కంప్యూటర్‌లోకి తేవడం

ఫ్రేము విప్పే ముందు ఒక్క క్షణం ఆగండి. ఏళ్ల తరబడి తేమ తగిలిన ఫొటో కొన్నిసార్లు గాజుకు అతుక్కుపోతుంది. అలాంటి దాన్ని లాగితే ముఖం మీది పొర గాజుతో పాటే ఊడివస్తుంది, అది ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేనిది. అతుక్కున్న ఫొటోను గాజుతో సహా స్కానర్ మీద పెట్టండి, లేదా పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి. ఫోన్‌తో తీసేటప్పుడు కెమెరా ఫొటోకు సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఒక పక్కకు వాలితే దీర్ఘచతురస్రం కాస్తా చాటలా వస్తుంది. గాజు మీద మీ నీడ, మీ ముఖం పడుతున్నాయేమో కూడా చూసుకోండి.

స్కానర్ ఉన్నవారు డాక్యుమెంట్ స్కానర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను వాడవచ్చు, ఉబుంటులో అది ముందే లేకపోతే సాఫ్ట్‌వేర్ స్టోరులో దొరుకుతుంది. అందులో ఇమేజ్ (పాత వెర్షన్లలో ఫొటో) అనే పద్ధతిని ఎంచుకుని, రిజల్యూషన్‌ను, అంటే అంగుళానికి వచ్చే పిక్సెళ్ల (చిత్రంలోని చుక్కల) సంఖ్యను, 600కు పెంచండి. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల ఎత్తు ఉన్న ఫొటో అప్పుడు 2400 అడ్డం, 3600 నిలువు పిక్సెళ్లుగా వస్తుంది. తరువాత ఏ4 సైజులో ప్రింటు వేయించినా అంగుళానికి 290 పిక్సెళ్లు మిగులుతాయి గనుక చిత్రం పలచబడదు. ఫొటో నలుపు తెలుపుదే అయినా స్కాన్ మాత్రం రంగుల్లోనే చేయండి. కారణం కొద్దిసేపట్లో తెలుస్తుంది. ఫైలును జేపెగ్‌గా కాక పీఎన్‌జీగా దాచండి, జేపెగ్ ప్రతిసారీ కొంత సమాచారాన్ని పారేస్తుంది.

కిటికీలో కంగారు పెట్టేవి రెండు

ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి స్కాన్‌ను తెరవండి. మధ్యలో చిత్రం, ఎడమవైపు పనిముట్లు, వాటి కింద ఆ పనిముట్టుకు సంబంధించిన అమరికలు, కుడివైపు కింద లేయర్ల జాబితా ఉంటాయి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే దగ్గరకు, దూరానికి వెళ్లవచ్చు. స్పేస్‌బార్ పట్టుకుని మౌస్ కదిపితే చిత్రం జరుగుతుంది. అంకె 1 నొక్కితే అసలు సైజు కనిపిస్తుంది. మొదటి రోజుకు ఇంత చాలు.

కంగారు పెట్టేవాటిలో మొదటిది ట్యాబ్ మీట. పొరపాటున అది తగిలితే రెండు పక్కలా ఉన్నవన్నీ మాయమై చిత్రం ఒక్కటే మిగులుతుంది, మళ్లీ ట్యాబ్ నొక్కితే అన్నీ తిరిగి వస్తాయి. గింప్ పాడైపోయిందనుకుని తీసేసి మళ్లీ పెట్టుకున్నవారు నాకు తెలుసు. రెండవది, ఒకే జాతి పనిముట్లు ఒకే బొమ్మ కింద దాగి ఉండడం. కావలసినది కనిపించకపోతే దగ్గరి బొమ్మ మీద మౌస్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి, మిగిలినవి పక్కకు విచ్చుకుంటాయి.

ఇక అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. కంట్రోల్, ఎస్ నొక్కి చిత్రాన్ని ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా దాచండి. గింప్‌లో సేవ్ అంటే ఎప్పుడూ ఈ ఎక్స్‌సీఎఫ్‌గా దాచడమే. లేయర్లు, అక్షరాలు అన్నీ విడివిడిగా అలాగే ఉంటాయి. జేపెగ్, పీఎన్‌జీ కావాలంటే ఎక్స్‌పోర్ట్ అనే వేరే ఆదేశం ఉంది. 2012లో వచ్చిన 2.8 నుంచి ఈ విభజన ఉంది, మొదట్లో విసుగు పుట్టిస్తుంది కూడా. నాకూ విసుగే పుట్టింది. ఫైల్ మెనూలో ఓవర్‌రైట్ అనే ఆదేశం దగ్గరి దారిలా కనిపించి దాన్నే వాడుతూ వచ్చాను. ఒకసారి మా పెళ్లి ఫొటోను వాట్సాప్ కోసం చిన్నది చేసి, అదే అలవాటులో నొక్కేశాను. పెద్ద స్కాన్ పోయి, తపాలా బిళ్లంత ఫొటో మిగిలింది. ఆల్బమ్ ఉన్న ఊరికి వెళ్లి మళ్లీ స్కాన్ చేసుకునేదాకా ఆ ఫొటో అంతే. అసలు స్కాన్‌ను వేరే ఫోల్డర్‌లో పెట్టి, దాని జోలికి వెళ్లకండి.

వంకర తీయడం, అంచులు కత్తిరించడం

స్కానర్ మీద ఎంత జాగ్రత్తగా పెట్టినా ఫొటో కొద్దిగా ఒరుగుతుంది. టూల్స్ మెనూలో మెజర్ అనే కొలబద్దను తీసుకుని, ఫొటో కింది అంచు వెంట ఎడమ నుంచి కుడికి ఒక గీత లాగి, పనిముట్టు అమరికల్లో ఉన్న స్ట్రెయిటెన్ బటన్ నొక్కండి. ఆ గీత అడ్డంగా నిలిచేటట్లు చిత్రం తిరుగుతుంది. తరువాత షిఫ్ట్, సీ నొక్కితే క్రాప్ పనిముట్టు వస్తుంది. ఉంచవలసిన భాగం చుట్టూ గడి లాగి, మూలలు సర్ది, ఎంటర్ కొట్టండి. పేరు రాయడానికి కింద చోటు కావాలి కనుక ఫొటోను 2400 అడ్డం, 3300 నిలువు పిక్సెళ్లకు కత్తిరించండి. మిగిలిన 300 పిక్సెళ్లు, అంటే అర అంగుళం, పేరుకు వదులుదాం. కొలతలను గడి లాగిన తరువాత క్రాప్ అమరికల్లో అంకెలుగా కూడా ఇవ్వవచ్చు.

పసుపు, కుంకుమ మచ్చలు

ఇప్పుడు లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కండి. లేయర్లను ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాలుగా ఊహించుకుంటే చాలు. పై కాగితం మీద పని చేస్తాం, కింది కాగితం చెక్కుచెదరకుండా ఉంటుంది. లేయర్ పేరు పక్కన ఉన్న కన్ను బొమ్మను నొక్కుతూ పై లేయర్‌ను దాచి, చూపి, ముందుకూ తరువాతకూ తేడా ఎప్పటికప్పుడు సరిచూసుకోవచ్చు.

మన ఇళ్లలోని పెద్దల ఫొటోలకు ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంది. తద్దినం నాడు, పండుగ నాడు పెట్టిన పసుపు, కుంకుమ గాజు సందుల్లోంచి లోపలికి దిగి, తేమతో కలిసి కాగితం మీద మచ్చలవుతాయి. ఇలాంటి మచ్చను కుంచెతో చెరపబోతే కింద ఉన్న నుదురు, తలపాగా కూడా చెరిగిపోతాయి. దీనికి ఒక సులువుంది, రంగుల్లో స్కాన్ చేయమన్నది ఇందుకే. రంగు చిత్రం ప్రతిదీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పలకల కలయిక. పసుపు మరక నీలం కాంతిని మింగి, ఎరుపును తిప్పికొడుతుంది. కుంకుమ నీలాన్ని, ఆకుపచ్చను మింగి, ఎరుపును తిప్పికొడుతుంది. అంటే ఎరుపు పలకను ఒక్కదాన్నే చూస్తే ఈ రెండు మరకలూ తెల్లకాగితంలో దాదాపు కలిసిపోతాయి, నీలం పలకలో మాత్రం నల్లగా, వికారంగా కనిపిస్తాయి.

చేయవలసిన పని ఇంతే. కలర్స్ మెనూలో కాంపొనెంట్స్ కింద ఎక్స్‌ట్రాక్ట్ కాంపొనెంట్ తెరిచి, జాబితాలో ఆర్‌జీబీ రెడ్ ఎంచుకుని, ఓకే చేయండి. ఫొటో నలుపు తెలుపులోకి మారుతుంది, నుదుటి మీద దిగిన కుంకుమ మరక లేత నీడగా మిగులుతుంది, లేదా పూర్తిగా పోతుంది. పాత కాగితానికి పట్టిన పసుపు చాయ కూడా దీనితోనే పోతుంది. అయితే కొన్ని ఫొటోలకు ఆనాటి స్టూడియోవారు కావాలనే గోధుమ రంగు పట్టించారు. ఆ రంగే ఆ ఫొటోకు అందమని మీకు అనిపిస్తే, మరకలు తీశాక కలర్స్ మెనూలోని డీశాచురేట్ కింద ఉన్న సెపియాతో తిరిగి అద్దవచ్చు. రంగుల ఫొటోకు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

వెలిసిన ఫొటోకు ప్రాణం

వెలిసిపోయిన ఫొటోలో నలుపు నలుపుగా ఉండదు, తెలుపు తెలుపుగా ఉండదు, అంతా బూడిద రంగు. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిస్తే ఒక కొండలాంటి బొమ్మ కనిపిస్తుంది. ఎంత చీకటి ఉన్న చుక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పే పటమది. వెలిసిన ఫొటోలో ఆ కొండ మధ్యలో గుమిగూడి, రెండు పక్కలా మైదానం ఖాళీగా ఉంటుంది. కొండ కింద ఉన్న నల్ల త్రికోణాన్ని కొండ ఎడమ పాదం దాకా, తెల్ల త్రికోణాన్ని కుడి పాదం దాకా జరపండి. మధ్య త్రికోణంతో మొత్తం వెలుతురు సర్దుకోవచ్చు. పాదాలు దాటి లోపలికి పోవద్దు. పోతే తెల్ల పంచె మడతలు, నల్ల కోటు బొత్తాలు ముద్దగా మారతాయి. ఆటో బటన్ ఒకటి ఉంది గాని, నాలుగింట మూడుసార్లు అది మోతాదు మించినట్లే నాకు తోస్తుంది.

వెర్షన్ 3.0లో ఈ సవరణ లేయర్ పేరు పక్కన ఎఫ్ఎక్స్ గుర్తుగా నిలిచి ఉంటుంది, దాన్ని నొక్కి రేపైనా మార్చుకోవచ్చు. 2.10లో ఓకే అన్నాక అది చిత్రంలో కలిసిపోతుంది.

గీతలు, మడతలు, చిల్లులు

వెలుతురు సర్దిన తరువాత అంతకుముందు కనపడని గీతలు కూడా బయటపడతాయి. అందుకే ఈ పని చివర పెట్టుకోవాలి. హెచ్ నొక్కితే హీల్ పనిముట్టు వస్తుంది. కంట్రోల్ పట్టుకుని, మచ్చకు దగ్గరగా ఉన్న మంచి చోట ఒకసారి నొక్కండి. అది మనం అరువు తెచ్చుకునే చోటు. తరువాత మచ్చ మీద నొక్కితే, ఆ మంచి చోటి గరుకుదనాన్ని తెచ్చి, మచ్చ చుట్టూ ఉన్న వెలుతురుకు సరిపోయేటట్లు కలుపుతుంది. కుంచె సైజును చదరపు బ్రాకెట్ల మీటలతో పెంచవచ్చు, తగ్గించవచ్చు. మచ్చ కంటే కొంచెం పెద్ద కుంచె చాలు, అంతకు మించినది వద్దు.

మడత పడిన గీత ఉదాహరణ తీసుకుందాం. ఫొటోను ఎప్పుడో రెండుగా మడిచారు, ఆ తెల్ల గీత వెనుక తెర మీదుగా వచ్చి, భుజం దాటి, కోటు మీదికి దిగింది. కొత్తవారు దాన్ని ఒకే లాగుడులో ఈ చివర నుంచి ఆ చివర దాకా రుద్దుతారు. అప్పుడు గీత పోయి, దాని స్థానంలో పాము పాకినట్లు ఒక మెత్తని చార మిగులుతుంది. అలా కాక, తెర మీది భాగాన్ని చిన్న చిన్న నొక్కులతో, నాలుగైదు నొక్కులకు ఒకసారి అరువు చోటు మారుస్తూ పూర్తి చేయండి. భుజం అంచు దగ్గరకు వచ్చాక హీల్‌ను ఆపేయాలి. ముదురు కోటు, లేత తెర కలిసే చోట అది రెండింటినీ కలిపి మసి పూస్తుంది. అక్కడ సీ నొక్కి క్లోన్ తీసుకోండి. క్లోన్ ఏ సర్దుబాటూ చేయకుండా ఉన్నదాన్ని ఉన్నట్లు అచ్చు వేస్తుంది. భుజం అంచే ఇంకొంచెం పైన ఎక్కడ బాగుందో అక్కడ కంట్రోల్‌తో నొక్కి, అదే వాలులో గీత మీద అచ్చు వేస్తే అంచు తెగకుండా అతుకుతుంది. కోటు లోపలికి వెళ్లాక మళ్లీ హీల్.

ముఖం దగ్గర చేయి వెనక్కి లాగాలి. కంటి కింద ఉన్నది మచ్చా, ముడతా అన్న సందేహం వస్తే వదిలేయండి. తాతగారి ముడతలు మనం తీయవలసినవి కావు. ఒక కంటి చోట చెదపురుగు చిల్లు ఉంటే, రెండవ కంటిని తెచ్చి అతికించే పద్ధతులు ఉన్నాయి గాని, ఆ అతుకు వేసిన ముఖాన్ని ఇంట్లోవారు గుర్తు పట్టరు. అంగుళం అంగుళంగా పై నుంచి కిందికి వెళ్తూ, పది నిమిషాలకు ఒకసారి కంట్రోల్, ఎస్ నొక్కుతూ, మధ్య మధ్య దూరం నుంచి చూడండి. పొరపాటు జరిగితే కంట్రోల్, జెడ్ ఒక్కొక్క అడుగే వెనక్కి తీసుకువెళ్తుంది. సాధారణమైన పాత ఫొటోకు నాకు రెండు గంటలు పడుతుంది. తొందర పడితే నాలుగు గంటలు పడుతుంది.

కింద పేరు, తెలుగులో

ఇమేజ్ మెనూలో కాన్వాస్ సైజ్ తెరిచి, వెడల్పు ఎత్తుల మధ్య ఉన్న గొలుసును తెంచి, ఎత్తు 3300ను 3600 చేయండి. పెరిగిన జాగా చిత్రం అడుగున వస్తుంది. తెల్ల రంగు నింపిన కొత్త లేయర్ ఒకటి సృష్టించి, జాబితాలో అన్నిటికంటే కిందికి లాగితే ఆ జాగా తెల్లగా కనిపిస్తుంది.

గింప్ యూనికోడ్ తెలుగును ఒత్తులతో, గుణింతాలతో సక్రమంగా చూపిస్తుంది. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘కృష్ణ’ అని రాసి చూడండి, అక్షరాలు విడిపోకుండా వస్తే మీ ఫాంటు మంచిదే. డీటీపీ సెంటర్లో ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాఠ్యాన్ని మాత్రం ఇక్కడ అతికించవద్దు, అది యూనికోడ్ కాదు గనుక పిచ్చి గుర్తులు వస్తాయి. సిలికానాంధ్ర చొరవతో తయారై, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మండలి వంటి ఫాంట్లు ఇటువంటి పనికి బాగుంటాయి. అష్టదిగ్గజాలలో కొందరు ఇలా మన కంప్యూటర్లలో కొలువు తీరారు. ఫొటో కింద పేరుకు నేను మండలిని ఇష్టపడతాను, రామభద్ర శీర్షికలకు తగిన దిట్టమైన ఫాంటు. దించుకున్న ఫాంటు ఫైలును రెండుసార్లు నొక్కితే తెరుచుకునే కిటికీలో ఇన్‌స్టాల్ బటన్ ఉంటుంది. గింప్ అప్పటికే తెరిచి ఉంటే దాన్ని మూసి మళ్లీ తెరవండి, కొత్త ఫాంటు జాబితాలోకి వస్తుంది.

టైపు చేయడానికి సిస్టమ్ సెట్టింగ్స్‌లోని కీబోర్డు విభాగంలో ఇన్‌పుట్ సోర్స్‌గా తెలుగును చేర్చుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు కీబోర్డు అమరిక రానివారు, లినక్స్‌లో వేర్వేరు భాషల టైపింగును చూసుకునే ఐబస్‌కు ఎం17ఎన్ అనే ప్యాకేజీని జోడిస్తే, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రాబట్టే పద్ధతులు కూడా దొరుకుతాయి. ఇప్పుడు టీ నొక్కి, తెల్ల జాగాలో గడి లాగి, పేరు రాయండి. చిత్రం మీద నేరుగా టైపు చేస్తుంటే అక్షరాలు తడబడితే, టెక్స్ట్ ఎడిటర్‌లో రాసి ఇక్కడ అతికించడం తేలిక. అమరికల్లో మధ్యకు సర్దే గుర్తు నొక్కి, సైజు 110 పిక్సెళ్ల దగ్గర మొదలుపెట్టి చూడండి. పూర్తి నలుపు కంటే ఫొటోలోని ముదురు బూడిద రంగు పేరుకు బాగా అతుకుతుంది.

బయటికి పంపడం

కంట్రోల్, ఎస్‌తో ఎక్స్‌సీఎఫ్‌ను చివరిసారి దాచి, కంట్రోల్, షిఫ్ట్, ఇ నొక్కండి. ఫైలు పేరు చివర చుక్క పెట్టి, ఇంగ్లీషులో జేపీజీ అని రాస్తే జేపెగ్‌గా, పీఎన్‌జీ అని రాస్తే పీఎన్‌జీగా వెళ్తుంది. స్టూడియోలో ప్రింటుకు నాణ్యత 95 పెట్టిన జేపెగ్ సరిపోతుంది. బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది మీ రెండు గంటల శ్రమను నొక్కి పిండి చేస్తుంది.

ఇదే ఎక్స్‌పోర్ట్ కిటికీ ఇంట్లో మరొకరికి కూడా పనికివస్తుంది. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ అడిగే ఫొటో 200 అడ్డం, 230 నిలువు పిక్సెళ్లలో, 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకం 140 అడ్డం, 60 నిలువు, 10 నుంచి 20 కేబీ. వేరే పరీక్షలకు కొలతలు వేరు, ప్రకటన చదివి చూసుకోవాలి. మొదట కంట్రోల్, డీతో చిత్రానికి నకలు తీసి, క్రాప్‌లో 200కు 230 నిష్పత్తి పెట్టి కత్తిరించి, ఇమేజ్ మెనూలోని స్కేల్ ఇమేజ్‌లో అంకెలు ఇవ్వండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూ గడిలో టిక్ పెడితే, నాణ్యత మీటను జరుపుతున్న కొద్దీ ఫైలు ఎన్ని కేబీలు అవుతుందో అక్కడే కనిపిస్తుంది. నెట్ సెంటరుకు వెళ్లనక్కరలేదు.

పెద్ద ప్రింటుకు ముందు ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజ్ తెరిచి, నాలుగుకు ఆరు అంగుళాలు, రిజల్యూషన్ 600 అని ఉందో లేదో చూసుకోండి. స్టూడియోలో మొదట అదే సైజులో ఒక్క ప్రతి తీయించి, ఇంటికి తెచ్చి, కిటికీ వెలుతురులో పాత ఫొటో పక్కన పెట్టి పోల్చండి. తెర మీద కంటే కాగితం మీద నీడలు ముదురుగా కనిపిస్తే, లెవెల్స్‌లో మధ్య త్రికోణాన్ని కొద్దిగా ఎడమకు జరిపి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, అప్పుడు ఏ4కు ఇవ్వండి.